మద్యం మానేవారి తోడు సమావేశాలు: నిజామాబాద్, బోధన్ ప్రాంతం

తాగుడు మానాలనుకునేవారు, ఇప్పటికే మానినవారు క్రమం తప్పకుండా ఒకచోట కూర్చుని, తాగిన రోజుల గురించి, మానిన రోజుల గురించి ఒకరికొకరు చెప్పుకునే కూటాలే తోడు సమావేశాలు. వీటిని డాక్టర్లు నడపరు, ఉపన్యాసకులు నడపరు. తాగుడు వల్ల దెబ్బతిన్నవారే నడుపుకుంటారు. రుసుము ఉండదు, ఇంటిపేరు అడగరు. ఇలాంటి కూటాల్లో ప్రపంచమంతటా విస్తరించినది 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్. మన దగ్గర దాన్ని ఏఏ అని, ఆ కూటాన్ని మీటింగ్ అని అంటారు. ఒకప్పుడు వర్ని మండలంలో భాగమైన చందూర్, దాని చుట్టుపక్కల నిజాంసాగర్ ఆయకట్టు ఊళ్ళు, బోధన్, నిజామాబాద్ పట్టణాల పాఠకులను దృష్టిలో పెట్టుకుని ఈ సమావేశాల పుట్టుక, తీరు, వాటిని వెతికి చేరుకునే దారి, వాటి బలం, పరిమితులు ఈ వ్యాసంలో ఉన్నాయి.

ప్రాంత నేపథ్యం

మంజీర నదిపై 1923లో పనులు మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ నేల తలరాత మార్చింది. కాలువల కింద వరి, చెరకు విస్తరించాయి. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర మిల్లుగా దానికి పేరు. కోస్తా నుంచి వచ్చిన రైతు కుటుంబాలు వర్ని, కోటగిరి చుట్టూ క్యాంపులు కట్టుకుని స్థిరపడ్డాయి. చెరకు నరికే కూలీలు, బండ్లవాళ్ళు, ఫ్యాక్టరీ కార్మికులు, ఇళ్ళలో బీడీలు చుట్టే ఆడవాళ్ళు, తర్వాతి కాలంలో గల్ఫ్‌కు వెళ్ళి వచ్చేవాళ్ళు, వీళ్ళందరి కష్టం మీద ఈ ప్రాంతం నిలబడింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడటంతో ఎన్నో కుటుంబాలకు నెలజీతం ఆగిపోయింది.

తాగుడు ఇక్కడి సామాజిక జీవితంలో పాతుకుపోయింది. తాటికల్లు, ఈతకల్లు గౌడ కులవృత్తికి ఆధారం. పెళ్ళికి, చావుకు, బోనాలకు, దసరాకు కల్లు ఉండాల్సిందే. కల్లు దుకాణంలో మగవాళ్ళతోపాటు ఆడవాళ్ళూ కూర్చోవడం ఈ జిల్లాలో వింత కాదు. దానికి ఇప్పుడు వైన్స్ షాపులు, వాటి వెనక పర్మిట్ రూములు, ఊరూరా కిరాణా కొట్టు చాటున నడిచే బెల్టు షాపులు తోడయ్యాయి. రాష్ట్రంలో లైసెన్సు ఉన్న మద్యం దుకాణాలు 2,620. బెల్టు షాపులు ఆ లెక్కలోకి రావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో 43 శాతానికి పైగా, ఆడవాళ్ళలో దాదాపు 7 శాతం మద్యం తీసుకుంటున్నారు.

నిజామాబాద్ జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీల మాటకు బరువెక్కువ. బెల్టు షాపును వేలం వేసి ఆ డబ్బుతో ఊరి పనులు చేయించిన కమిటీలూ, ఊళ్ళో మందు అమ్మితే జరిమానా అని తీర్మానం చేసిన కమిటీలూ ఇక్కడే కనిపిస్తాయి. తాగుడు పెరగడంలోనూ, దాన్ని ఆపాలనే ప్రయత్నంలోనూ పదిమంది చెయ్యి ఉంది. ఇక్కడ తాగేది పదిమందితో కూర్చుని. అలాంటి చోట మానదలచిన మనిషిని ఒక్కణ్ణే గెలిచి రమ్మనడం అన్యాయం. మానడానికీ పదిమంది ఉండాలి. తోడు సమావేశాల అవసరం ఇక్కడ పుడుతుంది.

కల్తీ కల్లు: ఈ ప్రాంతపు ప్రత్యేక సమస్య

చెట్టు నుంచి దిగే కల్లు జనం అడిగినంత ఉండదు. ఆ కొరతను పూడ్చేందుకు నీళ్ళు, శాకరిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వంటి మందులు కలపడం నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో ఎన్నాళ్ళుగానో పోలీసు, ఎక్సైజ్ కేసుల్లో నమోదవుతోంది. అల్ప్రాజోలం నిజానికి ఆందోళనకు, నిద్రలేమికి డాక్టర్లు కొద్దికాలం కోసం రాసే మందు. రోజూ తెలియకుండా ఒంట్లోకి పోతే మెదడు దానికి అలవాటు పడుతుంది. కల్లు తాగుతున్నానని మనిషి అనుకుంటాడు. ఒళ్ళు మాత్రం మాత్రకు బానిసవుతుంది.

2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం చేసింది. సరుకు ఆగిన రోజుల్లోనే జనం వింతగా ప్రవర్తిస్తూ, వణుకుతూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకు చేరారు. నిజామాబాద్ ప్రభుత్వాస్పత్రి, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం అలాంటి రోగులతో నిండాయి. మరణాలూ వార్తల్లోకి వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో చందూర్‌కు ఎంతో దూరం లేని కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్ మండలంలో కల్తీ కల్లు తాగినవారు పదుల సంఖ్యలో ఆస్పత్రి పాలయ్యారు. మత్తుమందు పాళ్ళు ఎక్కువైనా ప్రమాదమే, ఒక్కసారిగా ఆగినా ప్రమాదమేనని ఈ రెండు ఘటనలు చూపించాయి. అందువల్ల ఈ ప్రాంతంలో కల్లు మానేవారు సమావేశానికి వెళ్ళేముందు డాక్టరును కలవడం చాలా అవసరం.

నిషేధాలు, ఉద్యమాలు

తెలుగు నేల మద్యంపై పోరాటానికి కొత్తది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం, దూబగుంట రోశమ్మ పేరుతో రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరి 16న ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి తెచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది.

ఈ ఉద్యమాలు ఆడవాళ్ళ గొంతుకు బలమిచ్చాయి, ఎన్నో ఇళ్ళలో కొంతకాలమైనా అన్నం ఉడికించాయి. అయితే దుకాణం మూతపడినంత మాత్రాన ఒంట్లో పాతుకుపోయిన అలవాటు పోదు. ఇంట్లో మగమనిషి సారా దొరక్క గుడుంబాకు, గుడుంబా దొరక్క మరోదానికి తిరుగుతుంటే, అతనితో కూర్చుని మాట్లాడేవాళ్ళు ఎవరు అన్న ప్రశ్నకు చట్టం దగ్గర జవాబు ఉండదు. అలాంటి జవాబు కోసమే అంతకు ఎన్నో ఏళ్ళ ముందు మరో దేశంలో మరో దారి మొదలైంది.

పుట్టుక, వ్యాప్తి

1935 మే నెలలో న్యూయార్క్‌కు చెందిన బిల్ విల్సన్ అనే స్టాక్ వ్యాపారి పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ పట్టణానికి వచ్చాడు. అప్పటికి కొన్ని నెలలుగా తాగడం లేదు. తలపెట్టిన పని చెడింది. హోటల్లో ఒకవైపు బార్, మరోవైపు టెలిఫోన్. తాగకుండా ఉండాలంటే తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలని అతనికి తట్టింది. చర్చిలకు ఫోన్లు చేస్తూ పోతే చివరికి రాబర్ట్ స్మిత్ అనే సర్జన్ దగ్గరికి దారి దొరికింది. ఆయనా తాగుడుతో వృత్తి పాడుచేసుకున్నవాడే. కొద్దిసేపు కలుద్దామని కూర్చున్న ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకున్నారు. డాక్టర్ స్మిత్ చివరిసారి తాగినది 1935 జూన్ 10న. ఆ రోజునే ఏఏ పుట్టినరోజుగా పాటిస్తారు. 1939లో వచ్చిన ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే పుస్తకమే ఆ ఉద్యమానికి పేరు పెట్టింది. సభ్యులు దాన్ని బిగ్ బుక్ అంటారు.

భారతదేశానికి ఏఏ 1957లో వచ్చింది. ముంబయిలో దాని జనరల్ సర్వీస్ ఆఫీస్ ఉంది. ఇవాళ దాదాపు 180 దేశాల్లో ఈ సమావేశాలు జరుగుతున్నాయి. తాగేవారి భార్యలు, భర్తలు, తల్లిదండ్రుల కోసం ఆల్-అనాన్ 1951లో, ఆ ఇళ్ళలోని పిల్లల కోసం ఆలటీన్ 1957లో మొదలయ్యాయి.

సమావేశం తీరు

ఒక మీటింగ్ గంట నుంచి గంటన్నర సాగుతుంది. బడి గదో, చర్చి హాలో, కమ్యూనిటీ హాలో అద్దెకు తీసుకుంటారు. కుర్చీలు వలయంగా వేస్తారు, లేదా చాప మీద కూర్చుంటారు. ఆ పూట నడిపే సభ్యుడు ఏఏ పరిచయ వాక్యాలు చదువుతాడు. తర్వాత ఒక్కొక్కరు తన పేరు చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని చెప్పి మాట్లాడతారు. మిగిలినవారు పేరుతో పలకరిస్తారు. దీన్ని షేరింగ్ అంటారు.

షేరింగ్‌కు కట్టుబాట్లు ఉంటాయి. ఒకరు మాట్లాడేటప్పుడు మరొకరు అడ్డుపడరు. సలహా ఇవ్వరు, తీర్పు చెప్పరు, వాదించరు. ఎవరి అనుభవం వాళ్ళు చెప్పుకుంటారు. కూలి డబ్బులతో ఇంటికి బయల్దేరి దారిలో ఆగిపోయిన సాయంత్రం, బిడ్డ ఫీజు డబ్బు తీసిన రోజు, మత్తు దిగాక భార్య ముఖం చూడలేకపోయిన పొద్దున, ఇవి ఎవరు చెప్పినా వినేవాళ్ళలో సగంమంది తల ఊపుతారు. కొత్తగా వచ్చినవాడు ఒక్క మాటా మాట్లాడకుండా విని వెళ్ళిపోవచ్చు. ఇంతకాలం అవమానంగా దాచుకున్నది పక్కవాడి నోటి నుంచి మామూలుగా వినడమే చాలామందికి మొదటి ఊరట.

మధ్యలో ఒక డబ్బా తిరుగుతుంది. సభ్యులు తోచినంత వేస్తారు, లేనివాళ్ళు వేయనక్కర లేదు. హాలు అద్దె, టీ, పుస్తకాల ఖర్చు దానితోనే నడుస్తాయి. బయటి విరాళాలు తీసుకోకూడదని ఏఏ నియమం. చివర లేచి నిలబడి ప్రార్థన చేస్తారు. అయిపోయాక టీ తాగుతూ మాట్లాడుకునే పది నిమిషాలు సమావేశమంత విలువైనవి. ఫోన్ నంబర్లు చేతులు మారేది అప్పుడే.

సమావేశాలు రెండు రకాలు. ఓపెన్ మీటింగ్‌కు కుటుంబసభ్యులు, విద్యార్థులు, డాక్టర్లు, ఎవరైనా రావచ్చు. క్లోజ్‌డ్ మీటింగ్ తాగుడు మానదలచినవారికి మాత్రమే. ఏడాది, రెండేళ్ళు తాగకుండా ఉన్నవారికి వార్షికోత్సవం చేస్తారు. ఆ రోజున భార్యాపిల్లలు వచ్చి కూర్చోవడం పరిపాటి.

మెట్లు, సంప్రదాయాలు

ఏఏ మార్గానికి పన్నెండు మెట్లు ఉన్నాయి. మద్యం ముందు తన బలం చాలదని ఒప్పుకోవడం మొదటి మెట్టు. తాను నమ్మే దైవశక్తికి తనను అప్పగించుకోవడం, తన తప్పొప్పులను కూర్చుని లెక్క చూసుకోవడం, వాటిని మరో మనిషి ముందు బయటపెట్టడం, నష్టపోయినవారికి చేతనైనంత సరిదిద్దడం తర్వాతి మెట్లు. ఇంకా తాగుడులో ఉన్నవారికి ఈ మార్గం చెప్పడం చివరి మెట్టు. దైవం ఎవరన్నది ఎవరి నమ్మకం వారిది. తెలుగు, ఉర్దూ, లంబాడీ, మరాఠీ కలగలిసి వినిపించే బోధన్ ప్రాంతంలో ఈ వెసులుబాటు ఎంతో అవసరం. ఒకే వలయంలో ఒకరు వెంకటేశ్వరుణ్ణి, ఒకరు అల్లాను, ఒకరు సేవాలాల్ మహరాజ్‌ను తలచుకోవచ్చు. దేవుణ్ణి నమ్మనివారు ఆ గుంపునే తమకంటే పెద్ద శక్తిగా భావించవచ్చు.

కొత్తవారి చెయ్యి పట్టుకుని నడిపించే పాత సభ్యుణ్ణి స్పాన్సర్ అంటారు. తాగాలనిపించిన క్షణాన ఫోన్ చేయాల్సింది అతనికే. ఇక సంప్రదాయాలు గుంపుకు సంబంధించినవి. సభ్యత్వానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటి చాలు. పార్టీలతో, కులసంఘాలతో, మత సంస్థలతో, మద్యనిషేధ ఉద్యమాలతో ఏఏ పొత్తు పెట్టుకోదు. విన్న విషయం, చూసిన మనిషి, రెండూ ఆ గదిలోనే ఉండిపోవాలి.

జీవితమంతా తాగనని ఒట్టు పెట్టించుకోకపోవడం ఈ పద్ధతిలోని తెలివి. ఈ ఇరవైనాలుగు గంటలు తాగకుండా ఉండటమే లక్ష్యం. గుళ్ళో ప్రమాణం చేసి, కొడుకు తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి, తప్పి, ఆ సిగ్గుతో మరింత తాగినవారు మన ఊళ్ళలో కోకొల్లలు. అలాంటివారికి ఒక్కరోజు లెక్క మోయగలిగిన బరువు.

ముందు వైద్యం

రోజూ ఎక్కువగా తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే ఒళ్ళు తిరగబడుతుంది. చివరి గుక్క తర్వాత ఆరేడు గంటల నుంచే చేతుల వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది. లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, మనుషుల్ని గుర్తుపట్టరు, జ్వరం, రక్తపోటు పెరుగుతాయి. ఇది ప్రాణం తీయగలదు. దీన్ని గాలి సోకిందనుకుని మంత్రగాడి దగ్గరకు తీసుకుపోవడం వల్ల విలువైన గంటలు పోతాయి. కల్తీ కల్లులోని అల్ప్రాజోలం వంటి మందుల ఉపసంహరణ ఇంకా ఆలస్యంగా మొదలై ఇంకా ఎక్కువ రోజులు ఉండవచ్చు. డాక్టరుకు ఏ మద్యం, ఏ కల్లు, ఎంతకాలంగా అన్నది దాచకుండా చెప్పాలి.

మెడికల్ కాలేజీ ఉన్న నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఈ చికిత్సకు దగ్గరి చోటు. ఫిట్స్, మతిభ్రమ ఉంటే 108కి ఫోన్ చేసి అందుబాటులో ఉన్న ఆస్పత్రికి వెంటనే చేర్చాలి. మొదటి వారంలో వణుకు తగ్గే మందులు, థయమిన్ అనే బి1 విటమిన్ ఇస్తారు. తర్వాత తాగాలన్న కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటివి, కొందరికి డైసల్ఫిరామ్ రాస్తారు. డైసల్ఫిరామ్ వాడుతూ తాగితే తీవ్రమైన ప్రమాదం. మనిషికి తెలియకుండా అన్నంలో, టీలో ఈ మందు కలపడం ప్రాణాలతో చెలగాటం. ప్రకటనల్లో కనిపించే పేరులేని పొడుల జోలికీ వెళ్ళకూడదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలను తన పరిధిలోకి తెచ్చింది. చికిత్స ఇచ్చే కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండాలి, రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. గొలుసులతో కట్టేయడం నేరం. కొట్టి మాన్పిస్తామనే కేంద్రాల్లో మనిషిని వదిలి రావడం వైద్యం కాదు.

సమావేశాన్ని వెతకడం

2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 5.7 కోట్లమందికి మద్యం సమస్యలకు సాయం కావాలి. మద్యానికి బానిసలైనవారిలో 38 మందిలో ఒకరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. చిన్న ఊళ్ళలో సాయం ఎక్కడుందో తెలియకపోవడమే మొదటి గోడ.

చందూర్, మోస్రా, వర్ని, రుద్రూర్ ఊళ్ళ వారికి వెతుకులాట మొదలుపెట్టే చోట్లు ఇవి. మొదటిది ఏఏ ఇండియా వెబ్‌సైట్. అందులో ఊరివారీగా సమావేశాల సమాచారం, సంప్రదించే దారి ఉంటాయి. రెండోది ఆస్పత్రి మానసిక విభాగం. అక్కడి కౌన్సెలర్లకు చుట్టుపక్కల నడిచే గుంపులు తెలిసి ఉంటాయి. మూడోది ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబర్లు: మత్తు విముక్తికి 14446, మానసిక సమస్యలకు టెలి మానస్ 14416. టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు. 2020 లాక్‌డౌన్ నాటి నుంచి ఫోన్లో, జూమ్‌లో నడిచే సమావేశాలు మరో దారి.

అడగాల్సిన విషయాలు ఐదు: ఏ రోజు, ఏ సమయం, ఓపెనా క్లోజ్‌డా, ఏ భాషలో నడుస్తుంది, ఎవరిని కలవాలి. పాత జాబితాల్లో చోటు, సమయం మారి ఉండవచ్చు గనుక బయల్దేరేముందు ఫోన్ చేసి కనుక్కోవాలి. సాయంత్రపు సమావేశాలు బస్సు వేళలతో కుదరకపోవచ్చు. తిరుగు బస్సు ఉందా, లేకపోతే ఎవరి బండి మీద రావాలి, ముందే చూసుకోవాలి. రాత్రిపూట బస్టాండ్ పక్కన వైన్స్ ముందు అరగంట నిలబడాల్సి రావడం కొత్తవాడికి పరీక్షే. వారానికోసారి ప్రత్యక్ష సమావేశం, మిగతా రోజుల్లో ఫోన్ సమావేశం అన్నది పల్లెవాసికి కుదిరే పద్ధతి.

ఊళ్ళో తెలిస్తే పరువు పోతుందన్న భయం నిజమైనది. ఆ భయం ఉన్నవారికి దూరపు పట్టణంలో సమావేశమే మేలు. అక్కడ వాళ్ళ ఊరు, కులం, ఇల్లు ఎవరికీ తెలియదు.

మొదటిసారి వెళ్ళేవారికి

తాగకుండా వెళ్ళడం మంచిది. తాగి ఉన్నా గుమ్మం దగ్గర వెనక్కి పంపరు, కూర్చుని వినమంటారు. పది నిమిషాలు ముందు వెళితే ఎవరో ఒకరు వచ్చి కూర్చోబెడతారు. కొత్తవాణ్ణని చెబితే చాలు. మొదటి సమావేశం నచ్చకపోతే మరో గుంపుకు వెళ్ళి చూడాలి. కొన్ని చోట్ల ప్రార్థన ఎక్కువ, కొన్ని చోట్ల మాటలు ఎక్కువ. మొదటి మూడు నెలలు వీలైనన్ని సమావేశాలకు వెళ్ళమని పాతవారు చెబుతారు.

ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగూ తాగుడు వైపు లాగే ఘడియలని సభ్యులు గుర్తుపెట్టుకుంటారు. ఈ ప్రాంతంలో ఐదోది దావత్. పెళ్ళి, పండుగ, పంట అమ్మిన రోజు, గల్ఫ్ నుంచి బావ వచ్చిన రోజు, ఏది వచ్చినా గ్లాసు చేతికొస్తుంది. ‘మందులు వాడుతున్నా, డాక్టర్ వద్దన్నడు’ అన్న మాటతో చాలామంది బయటపడతారు. భోజనం వేళకు వెళ్ళి తిని వచ్చేయడం, పక్కన తాగని చుట్టాన్ని కూర్చోబెట్టుకోవడం, ఆ రాత్రి సభ్యుడికి ఒక ఫోన్ చేయడం పనికొచ్చే జాగ్రత్తలు. మళ్ళీ తాగితే ఎన్నాళ్ళు తప్పించుకు తిరిగినా తిరిగి రావాల్సిన చోటు సమావేశమే. అక్కడ ఎవరూ వేలెత్తి చూపరు.

కుటుంబం

తాగుబోతు ఇంట్లో అందరి బతుకూ సీసా చుట్టూ తిరుగుతుంది. బీడీల కూలితో ఇల్లు నడిపే ఇల్లాలు అతని అప్పులు తీరుస్తూ, పనిలోకి రాలేదని ముకద్దంకు అబద్ధాలు చెబుతూ, తనవల్లే తాగుతున్నాడేమోనని లోలోపల కుమిలిపోతుంది. అతని తాగుడుకు ఆమె కారణం కాదని, అతణ్ణి మాన్పించే భారమంతా ఆమెది కాదని చెప్పేది ఆల్-అనాన్. అతను మానినా మానకపోయినా ఆమెకు సాయం అవసరం. దెబ్బలు, బెదిరింపులు ఉంటే ముందు ప్రాణరక్షణ చూసుకోవాలి. మహిళల హెల్ప్‌లైన్ 181. ఆల్-అనాన్ అందుబాటులో లేనిచోట మహిళా సంఘం సమావేశమే ఆ పని కొంత చేయగలదు. పొదుపు లెక్క అయిపోయాక పది నిమిషాలు ఈ మాట మాట్లాడుకున్నా చాలు.

తాగే ఆడవాళ్ళ కష్టం ఇంకా మరుగున ఉంటుంది. మగవాడు తాగితే అలవాటు అంటారు, ఆడది తాగితే నడవడిక అంటారు. కల్లు మగా ఆడా కలిసి తాగే ఈ ప్రాంతంలో మహిళలకు వేరే సమావేశం, వీలైతే పగటిపూట, తప్పక ఉండాలి.

ఇరుగుపొరుగు నమూనాలు

తోడు అనేది ఏఏ ఒక్కదానికే పరిమితం కాదు. కర్ణాటకలో శ్రీ క్షేత్ర ధర్మస్థల ఆధ్వర్యంలోని జనజాగృతి వేదిక ఊళ్ళలో మద్యవర్జన శిబిరాలు పెడుతుంది. శిబిరం ముగిశాక అక్కడే నవజీవన సమితి ఏర్పడుతుంది. మానినవారు క్రమంగా కలుస్తూ ఒకరినొకరు కనిపెట్టుకుంటారు. చెన్నైలో 1980లో శాంతి రంగనాథన్ స్థాపించిన టి.టి. రంగనాథన్ సంస్థ తమిళనాడులోని మంజక్కుడి వంటి పల్లెల్లోకే చికిత్సా శిబిరాలను తీసుకెళ్ళింది. మహారాష్ట్రలోని పుణెలో 1986లో అనితా అవచట్, అనిల్ అవచట్ ప్రారంభించిన ముక్తాంగణ్ మానినవారినే కార్యకర్తలుగా తీర్చిదిద్దింది. దైవ ప్రస్తావన లేకుండా మనస్తత్వ శాస్త్ర పద్ధతులపై నడిచే స్మార్ట్ రికవరీ 1994లో అమెరికాలో మొదలైంది.

ఫలితాలు, పరిమితులు

2020లో కోక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష 27 అధ్యయనాలను, 10,565 మందిని పరిశీలించింది. ఏఏ వైపు పద్ధతి ప్రకారం నడిపించే చికిత్సలు పొందినవారిలో ఏడాదంతా తాగకుండా నిలిచినవారు, ఇతర పేరున్న చికిత్సలు పొందినవారికంటే ఎక్కువని తేల్చింది. ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం అమెరికావి. మన దేశంలో గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో సంగాత్ సంస్థ 377 మంది మగవారితో చేసిన పరిశోధనలో, వైద్య పట్టా లేని స్థానిక కౌన్సెలర్లు కొద్ది విడతలు మాట్లాడినా తాగుడు తగ్గినట్టు 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. చదువుకున్న నిపుణుడు దొరకని ఊళ్ళోనూ సాయం సాధ్యమేనని ఇది చెబుతుంది.

పరిమితులూ ఉన్నాయి. సమావేశం ఫిట్స్‌ను ఆపలేదు, కాలేయాన్ని బాగుచేయలేదు, కుంగుబాటుకు మందు కాలేదు. డాక్టరు మందులు మానేయమని ఎవరైనా సభ్యుడు చెబితే వినకూడదు. అది ఏఏ మాట కాదు. దైవ భాష కొందరికి పడదు. చావు ఆలోచనలు ఉన్నవారికి సమావేశం సరిపోదు, వెంటనే వైద్య సాయం కావాలి.

కొత్త గుంపు పెట్టడం

మానాలన్న కోరిక ఉన్న ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే అదే ఒక ఏఏ గుంపు అని ఏఏ సంప్రదాయం చెబుతుంది. అనుమతి, రిజిస్ట్రేషన్, అధ్యక్షుడు అక్కర్లేదు. వారానికి ఒకే రోజు, ఒకే గంట, ఒకే చోటు తప్పకుండా పాటించడం ముఖ్యం. ఒక్కడే వచ్చిన వారం కూడా తాళం తీసి గంటసేపు కూర్చోవాలి. ఆ సాయంత్రమే కొత్త మనిషి రావచ్చు.

చోటుకు కొరత లేదు. ఊళ్ళో బడి, పంచాయతీ గది, రైతు వేదిక, మసీదు, చర్చి, గుడి పక్కన హాలు, ఏదైనా సరే. కల్లు దుకాణానికి, వైన్స్‌కు దూరంగా ఉంటే మేలు. పంచాయతీ హాలు ఉచితంగా ఇచ్చినా కొద్దిపాటి అద్దె కట్టడం గుంపు స్వతంత్రతకు మంచిది. ఊరి రాజకీయం లోపలికి రాకుండా అదే కాపాడుతుంది. సర్పంచ్, గ్రామాభివృద్ధి కమిటీ, ఆశా కార్యకర్త చేయాల్సిన సాయం ఒకటే: సమావేశం ఉందని నలుగురికీ చెప్పడం, ఎవరెవరు వస్తున్నారో మాత్రం అడగకపోవడం. నిజామాబాద్ నుంచో హైదరాబాద్ నుంచో పాత సభ్యులను మొదటి నెలల్లో పిలిస్తే నడిపే పద్ధతి అలవడుతుంది.

ఎక్సైజ్ దాడులు కల్తీని అరికట్టాలి, ఆస్పత్రి ప్రాణం నిలపాలి, చట్టం దుకాణాలను అదుపులో పెట్టాలి. ఈ మూడూ జరిగినా, మనిషి మళ్ళీ సాయంత్రం ఐదింటికి అదే ఊళ్ళో అదే దారిన నడవాలి. ఆ గంటకు అతని కోసం ఒక గది తెరిచి ఉండాలి. ఆయకట్టులో మండలానికి ఒక్క గుంపైనా వారం వారం నడిస్తే, మానాలనుకున్నవాడు ఒంటరిగా మిగలడు. దానికి నిధులు, పథకాలు అక్కర్లేదు. ఇప్పటికే మానిన ఒక్క మనిషి ముందుకు వస్తే చాలు, మొదలవుతుంది.